దర్శనమా? ఉన్మాదమా?

లోకమునకు కనబడనిది ఒకనికి కనబడినప్పుడు వానిని ఏమని పిలువవలెను? ద్రష్ట యనవలెనా, ఉన్మత్తుడనవలెనా? ఈ ప్రశ్న నేటిది కాదు. కవిత్వము ఎంత పురాతనమో ఇదియు అంత పురాతనము. బాహ్యలక్షణములను బట్టి చూచినచో ఇరువురికిని పోలికలు ఎక్కువ. ఇరువురును ఇతరులు వినని మాటను విందురు. ఇతరులు చూడని రూపమును చూతురు. ఇరువురికిని లోకమర్యాద రుచింపదు. ఇరువురి పలుకును ఒక్కొక్కప్పుడు వినువారికి అర్థము కాదు. తెలుగుభాష సైతము వీరిని ఒకే గూటిలో ఉంచినది. ఉత్త వెర్రి యనినచో వ్యాధి. శివుని మీది వెర్రి యనినచో భక్తి. మరులు అనగా వలపు. మరులుకొనుట యనగా మతి తప్పుటయును.

శాస్త్రములు జ్ఞానిని బాలునితోను, ఉన్మత్తునితోను పోల్చినవి. అయితే అవి ‘వలె’ యని మాత్రమే చెప్పినవి. జ్ఞాని ఉన్మత్తునివలె ఉండవచ్చును. అంతమాత్రమున ప్రతి ఉన్మత్తుడును జ్ఞాని కాడు, ప్రతి జ్ఞానియు ఉన్మత్తుడు కాడు. ఆ ‘వలె’ యను రెండక్షరములయందే ఈ విచారణ యంతయు ఇమిడి యున్నది. వానిని మరచినవారు రెండు విధములుగ పొరపడుచున్నారు. కొందరు ప్రతి దర్శనమును వ్యాధి యని త్రోసివేయుదురు. మరికొందరు ప్రతి వ్యాధిని దర్శనమని మ్రొక్కుదురు. మొదటి పొరపాటువలన ఒక మహాకవి అవమానమున కుమిలిపోవచ్చును. రెండవదానివలన ఒక యింటి బిడ్డ వైద్యము లేక నశింపవచ్చును. కావున ఇది పండితుల వినోదమునకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. గృహస్థునకును, మఠమునకును కూడ సంబంధించినది.

గ్రీకు తత్త్వవేత్త ప్లేటో ‘ఫీడ్రస్’ అను సంవాదమున ఈ విషయమును చర్చించెను. భవిష్యత్తును పలుకువానిది, దీక్షాకర్మలచే శుద్ధి పొందువానిది, కవిది, ప్రేమికునిది అని నాలుగు విధములైన దివ్యోన్మాదములను ఆయన పేర్కొనెను. దేవతానుగ్రహమువలన కలిగిన ఆవేశము మానవుని లౌకిక వివేకముకంటె గొప్ప దనెను. ఈ మాటను ఉటంకించువారు సాధారణముగా మరచునది ఒకటి కలదు. శరీరవ్యాధివలన కలుగు ఉన్మాదము వేరు, దైవమువలన కలుగునది వేరు అని ప్లేటో ఆ గ్రంథముననే విభజించెను. రెండును ఒకటే యని ఆయన ఎన్నడును చెప్పలేదు.

తరువాతి కాలమున త్రాసు రెండవ వైపునకు మొగ్గెను. 1864లో ఇటలీ దేశపు వైద్యుడు లొంబ్రోసో ప్రతిభను, ఉన్మాదమును గూర్చి గ్రంథము ప్రకటించి, ఈ రెండింటికిని దగ్గరి చుట్టరికము కలదని వాదించెను. ఆ వాదము ఐరోపాయంతటను వ్యాపించెను. ఋషులకును, ప్రవక్తలకును, కవులకును ఏదో యొక నరముల జబ్బును అంటగట్టుట విద్యావంతులలో వాడుక యయ్యెను. ఒకరికి మూర్ఛ, మరొకరికి వాతము, ఇంకొకరికి అజీర్ణము అని చెప్పి, అంతటితో వారి మాటకు విలువ లేదని తేల్చిరి.

ఈ ధోరణికి గట్టి సమాధానము చెప్పినవాడు అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు విలియం జేమ్సు. 1901–02 సంవత్సరములలో ఎడింబరోలో ఆయన చేసిన ఉపన్యాసములు 1902లో మతానుభవముల వైవిధ్యమును గూర్చిన గ్రంథముగా వెలువడినవి. ఆయన వాదము సులభము. ప్రతి భావమునకును శరీరమున ఏదో యొక కారణము ఉండును. భక్తుని దర్శనమునకు మెదడు కారణమైనచో, నాస్తికుని సందేహమునకును మెదడే కారణము. వాని కాలేయము ఎట్లున్నదో చూచి వాని సిద్ధాంతమును ఎవరును కొట్టివేయరు గదా! కావున వేరును చూచి కాదు, పండును చూచి చెట్టును నిర్ణయింపవలెను. ఒక యనుభవము ఎక్కడనుండి వచ్చినదను ప్రశ్నకంటె, అది ఆ మనుష్యుని ఏమి చేసినదను ప్రశ్నయే ముఖ్యము.

నేటి మనశ్శాస్త్రము ఈ మాటను మరికొంత స్పష్టము చేయుచున్నది. లోపల పుట్టిన మాట ఏది, బయటనుండి వచ్చిన మాట ఏది యని మనస్సు క్షణక్షణమును వేరుచేయుచుండును. ఆ కావలి నిద్రలో అందరికిని సడలును, అదియే కల. గాఢమైన దుఃఖమున కొందరికి మెలకువలోను సడలును. భర్తను పోగొట్టుకొన్న ఇల్లాలు సాయంకాలమున వాకిట ఆయన అడుగుల చప్పుడు విన్నచో అది వ్యాధి కాదు. ఏకాంతము, ఉపవాసము, జాగరణము, తీవ్రధ్యానము కూడ ఆ కావలిని సడలించును. కావున కనబడుట, వినబడుట యనునది ఒక్కటే వ్యాధికి గుర్తు కాదు. నిద్ర వారములకొలది నశించినప్పుడు, అందరును తనపై కుట్ర పన్నుచున్నారను భయము పెరిగినప్పుడు, లోపలి గొంతు తనకుగాని ఇతరులకుగాని హాని చేయుమని ఆజ్ఞాపించినప్పుడు, స్నానము, భోజనము, పని యను నిత్యకృత్యములు చెదరినప్పుడు వైద్యులు దానిని వ్యాధి యందురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము స్కిజోఫ్రీనియా యను మనోవ్యాధి సుమారు 300 మందిలో ఒకరికి కలదు. అది పాపఫలము కాదు, దైవానుగ్రహమును కాదు. చికిత్స కలిగిన వ్యాధి.

దార్శనిక సాహిత్యమును మనశ్శాస్త్రదృష్టితో విచారించినవారిలో స్విట్జర్లాండు వైద్యుడు కార్ల్ యుంగు ముఖ్యుడు. 1930లో ప్రకటించిన వ్యాసమున ఆయన సాహిత్యమును రెండు విధములుగ విభజించెను. మానవజీవితమున అందరును ఎరిగిన సుఖదుఃఖములను తీసికొని, వానిని స్పష్టపరచి చూపునది ఒకటి. ఎరిగిన అనుభవమునకు అందని లోతులనుండి పైకి వచ్చి, చదువువానిని కలవరపెట్టునది మరియొకటి. ఈ రెండవదే దార్శనిక సాహిత్యము. దానిని కవి స్వంత జబ్బునకు గుర్తుగా మాత్రమే చదువుట తగదనియు, అది ఒక వ్యక్తి కథకంటె విశాలమైన దనియు ఆయన వాదించెను.

యుంగు ఈ మాటను ఒడ్డున నిలిచి చెప్పలేదు. 1913లో రైలు ప్రయాణము చేయుచుండగా ఐరోపాలోని విశాలభూభాగము వరదలో మునిగినట్లును, ఆ నీరు రక్తముగా మారినట్లును ఆయనకు కనబడెను. తనకు మతి చలించుచున్నదేమో యని ఆయన భయపడెను. ఆ మరుసటి యేడు, 1914లో, ప్రపంచయుద్ధము ఆరంభమయ్యెను. ఆ దర్శనములనుండి ఆయన పారిపోలేదు, వానికి లొంగిపోలేదు. వచ్చిన వానిని వ్రాసికొనెను, చిత్రించెను, ప్రశ్నించెను. అదే కాలమున రోగులను చూచుట, బిడ్డలను పెంచుట మానలేదు. తాను నిలిచినది ఆ కుటుంబమువలనను, ఆ వృత్తివలననే యని తరువాత చెప్పెను. 16 సంవత్సరములకు పైగా సాగిన ఆ వ్రాతప్రతి ఆయన మరణించిన 48 సంవత్సరములకు, అనగా 2009లో, ‘రెడ్ బుక్’ అను పేర అచ్చయ్యెను.

దర్శనము పనిచేత ఎట్లు నిలుచునో చూపుటకు ఆంగ్లకవి విలియం బ్లేకుకంటె మంచి ఉదాహరణము అరుదు. ఆయన 1757లో లండనునందు మేజోళ్ల వర్తకుని ఇంట పుట్టెను. ఎనిమిది పదియేండ్ల ప్రాయమున ఊరి వెలుపలి చెట్టు కొమ్మలనిండ దేవదూతలు మెరయుచుండగా చూచితినని ఇంట చెప్పెను. అబద్ధమాడినాడని తండ్రి కొట్టబోగా తల్లి అడ్డుపడెను. ఆ తండ్రి చెడ్డవాడు కాడు. ఆ బిడ్డను బడికి పంపి నలుగగొట్టింపక, వాని చేతిలోని చిత్రకళను గుర్తించి, రాగిరేకులపై బొమ్మలు చెక్కు పని నేర్చుకొనుటకు పంపెను. 1772 మొదలు ఏడు సంవత్సరములు బ్లేకు ఆ శిష్యరికము చేసెను.

ఆయన కవిత్వము పుస్తకరూపమున వచ్చిన విధానము గమనింపదగినది. రాగిరేకుపై ఆమ్లమునకు లొంగని ద్రవముతో అక్షరములను అద్దములోవలె తలక్రిందులుగ, కుడినుండి ఎడమకు వ్రాయవలెను. పిదప ఆమ్లము పోసి మిగిలిన లోహమును కరగింపవలెను. ఉబికి నిలిచిన అక్షరములకు సిరా పూసి కాగితముపై అద్దవలెను. అటుపైన ఒక్కొక్క పుటకును చేతితో రంగులు వేయవలెను. వివాహమునాడు సంతకము చేయుట ఎరుగక గుర్తు పెట్టిన భార్య కేథరీనుకు చదువు నేర్పి, ఆమెను ఈ పనిలో భాగస్వామిని చేసెను. 1787లో మరణించిన తమ్ముడు రాబర్టు తనకు కనబడి ఈ పద్ధతి నుపదేశించెనని బ్లేకు చెప్పుచుండెను. ఆ మాటను ఎవరు ఎట్లు తీసికొన్నను, చేయి వణికినచో ఆ రేకుపై ఒక్క అక్షరమైన నిలువదనుట నిజము. దర్శనము తమ్మునినుండి వచ్చినను, పని తానే చేయవలసి వచ్చెను.

1809లో అన్న అంగడి పైభాగమున బ్లేకు తన చిత్రముల ప్రదర్శన పెట్టెను. ఒక వారపత్రిక ఆయనను దౌర్భాగ్యుడైన పిచ్చివాడనియు, ఎవరికిని హాని చేయనివాడు గావున మాత్రమే నిర్బంధము లేక తిరుగుచున్నాడనియు వ్రాసెను. ఆ గాయము ఆయనను చాల కాలము బాధించెను. ఆయన మనస్సు ఎల్లప్పుడును నిశ్చలముగా ఉండెనని చెప్పుటకు వీలులేదు. కోపమును, అనుమానమును, నిరాశయు ఆయనకు కలవు. అయినను ముఖ్యమైనది ఒకటి ఆయనకు ఎన్నడును తప్పలేదు. ఒకనాడు ఆయన ఒక విందులో తాను చూచిన యొక అద్భుతమును వర్ణించుచుండగా, ఒక ఇల్లాలు అది ఎక్కడ చూచితిరని అడిగెను. బ్లేకు తన నుదుటిని తాకి, ఇక్కడనే యని చెప్పెను. తాను చూచునది ఏ కంటితోనో ఆయనకు తెలియును. ఈ శక్తి తనకు మాత్రమే దక్కినదని ఆయన గర్వింపలేదు. అందరికిని కలదు, సాధన లేక పోగొట్టుకొనుచున్నారని చెప్పెను. ఆ దర్శనములు ఆయన దృష్టిని ఆకాశముననే నిలుపలేదు. పొగగొట్టములు తుడుచు పసిబాలుర దుఃఖమును, బానిసల దుఃఖమును, నగరపు వీధులలోని దైన్యమును చూపినవి. 1827లో మరణించు దినములవరకును ఆయన పని చేయుచునే యుండెను.

ఇంతటితో విచారణ ముగిసినచో సులభముగా నుండెడిది. పని చేయువాడు ద్రష్ట, చేయలేనివాడు రోగి యని గీత గీయవచ్చును. కాని బ్లేకుకంటె ముందటి తరమువాడైన క్రిస్టఫర్ స్మార్టు ఆ గీతను అంత సులభముగా గీయనీయడు. 1722లో పుట్టిన ఈ కవి వీధులలో మోకరిల్లి ప్రార్థించుచు, దారిని పోవువారిని సైతము తనతో ప్రార్థింపుమని బలవంతపెట్టుచుండెను. ఆయనను 1757 మొదలు 1763 వరకు, ఇంచుమించు ఎడతెగక, పిచ్చాసుపత్రులలో నుంచిరి. అక్కడ నుండగనే ఆయన సృష్టిలోని ప్రతి జీవిచేతను దేవుని స్తుతింపజేయు దీర్ఘకావ్యమును వ్రాసెను. తన పెంపుడు పిల్లి ఉదయమున లేచి ఒడలు విరుచుకొనుటయు ఆ కావ్యమున ఒక పూజయే. ‘జుబిలాటే ఆగ్నో’ అను ఆ గ్రంథము 1939 వరకు అచ్చుకు నోచుకొనలేదు. ఆయన మిత్రుడు డాక్టర్ జాన్సను, స్మార్టువలన సంఘమునకు హాని లేదనియు, ఆయనతో కలసి ప్రార్థించుటకు తనకు అభ్యంతరము లేదనియు చెప్పెను.

స్మార్టు కథ రెండు సత్యములను ఒకేసారి చెప్పుచున్నది. రోగియైనవాడు కూడ సత్యమైన దర్శనమును పొందవచ్చును. కావున వ్యాధి యున్నదని వాని పలుకును పారవేయరాదు. పలుకు సత్యమైనంతమాత్రమున వాని వ్యాధి లేకుండ పోదు. కావున పలుకు బాగున్నదని వానికి వైద్యము మానరాదు. కవిత్వమును కన్నది వ్యాధి కాదు. అదే వ్యాధితో అదే గోడలనడుమ నున్న వేలమంది ఒక్క పంక్తియు వ్రాయలేదు. వ్యాధి నడుమ నుండియు చెదరక నిలిచిన యొక శ్రద్ధ ఆ కావ్యమును వ్రాసెను.

ఈ రెండవ సత్యమును మరచుటవలన కలుగు దుఃఖమునకు 20వ శతాబ్దపు కథ ఒకటి కలదు. ఐర్లాండు రచయిత జేమ్సు జాయిసు మాటలను విరిచి, కలిపి, కలల భాషను సృష్టించిన ప్రజ్ఞాశాలి. ఆయన కుమార్తె లూసియా 1907లో పుట్టినది, నాట్యకళలో నేర్పరి. 1932 నాటికి ఆమె మనస్సు చెదరినది. తండ్రి ఎందరో వైద్యులకు చూపెను, ఉన్నదంతయు ఖర్చుచేసెను. కాని ఆమెకు వచ్చినది వ్యాధి యని మాత్రము ఒప్పుకొనలేకపోయెను. తనకు గల ప్రతిభయే ఆమెయందు మరియొక రూపమున వెలుగుచున్నదని నమ్మెను. 1934లో ఆమెను యుంగు వద్దకు తీసికొనిపోయెను. తండ్రియు, కూతురును ఒకే నది అడుగునకు పోవుచున్నారు. ఒకరు దూకి మునుగుచున్నారు, ఒకరు జారి పడుచున్నారు అని యుంగు చెప్పినట్లు ప్రసిద్ధి. లూసియా తన శేషజీవితమును ఆసుపత్రులలో గడపి 1982లో మరణించెను. బిడ్డను ప్రేమించినందున తండ్రిని ఎవరును నిందింపరాదు. అయినను ఈత వచ్చినవాడు మునుగుటయు, ఈత రానివాడు మునుగుటయు ఒడ్డుననున్నవారికి ఒక్కటిగానే కనబడును. ఎవరు తిరిగి పైకి వచ్చుచున్నారో కనిపెట్టుటయే వివేకము.

ఇట్టి వివేకమును దర్శనమార్గమున నడచినవారే మొదట బోధించిరనుట ఆశ్చర్యము. స్పెయిన్ దేశమున ఆవిలా పట్టణపు తెరేసా (1515–1582) క్రైస్తవ సన్న్యాసిని. 17 సన్న్యాసినీ మఠములను స్థాపించినది. ఆమె స్వయముగా దర్శనములు పొందినది. పెద్దల ఆజ్ఞచే వానిని వ్రాసి పరీక్షకు లోబడినది. 1577లో వ్రాసిన గ్రంథమున ఆమె ఒక హెచ్చరిక చేసినది. కొందరు సన్న్యాసినులు ఉపవాసములచేతను, జాగరణములచేతను శుష్కించి, గంటలకొలది నిశ్చేష్టులై పడియుండి, అది సమాధి యని తలచుచున్నారు. అట్టి యొకతె ఎనిమిది గంటలు అట్లుండెడిది. ఆమెకు కడుపునిండ భోజనము పెట్టించి, నిద్రపుచ్చి, తపస్సు తగ్గింపగా ఆ ‘సమాధి’ పోయినది. మనోవ్యాధితో బాధపడు సన్న్యాసినులను ఎట్లు చూడవలెనో మఠాధిపతురాండ్రకు ఆమె వేరుగ ఒక అధ్యాయమే వ్రాసినది. దర్శనమును అందరికంటె ఎక్కువ గౌరవించిన స్త్రీయే అన్నమును, నిద్రను మొదటి పరీక్షగా పెట్టినది. దర్శనము నిజమైనదైనచో భోజనమువలన పోదని ఆమెకు తెలియును.

కల్యాణమున శివశరణులు అనుసరించిన మార్గమును ఈ వెలుగులో చూడదగును. అక్కమహాదేవి ఉడుతడిని, కౌశికుని ఐశ్వర్యమును విడిచి, కేశములే ఆచ్ఛాదనముగా కల్యాణమునకు వచ్చిన కథ వీరశైవ కుటుంబములలో బాలురకును తెలిసినదే. చిలుకలను, కోకిలలను, తుమ్మెదలను తన చెన్నమల్లికార్జునుని జాడ యడిగిన ఆమెను లోకము ఏమని యుండునో ఊహించుట కష్టము కాదు. శూన్యసంపాదనమున వర్ణింపబడిన అనుభవమంటపపు ఘట్టమున అల్లమప్రభువు ఆమెను చూచి వెంటనే పాదములకు మ్రొక్కలేదు. పిచ్చిదని వెళ్లగొట్టనూ లేదు. ఆమెను ప్రశ్నించెను. నీ పతి యెవరని అడిగెను. వస్త్రమును విడిచిన దానవు దేహమును కేశములతో ఏల కప్పుకొంటివని సూటిగా అడిగెను. ఆ ప్రశ్న కఠినమైనది. సభలో నిలిచిన ఒంటరి యువతికి మరింత కఠినమైనది. అక్క కోపింపలేదు, కలవరపడలేదు. అది తన లజ్జకొరకు కాదు, చూచువారి మనస్సు నొవ్వకుండుటకే యని సమాధానము చెప్పినది.

ఆ సమాధానమునందలి విశేషమును గమనింపవలెను. ఆమె దేహభావమును దాటినది; అయినను ఎదుటివాని స్థితిని మరువలేదు. ఉన్మాదము మనుష్యుని తనలోనికి ముడిచివేయును. ఎదుటివాడు భయకారణముగానో, తన కథలో పాత్రగానో మాత్రమే మిగులును. దర్శనము ఎదుటివాని కంటితో కూడ చూడనేర్పును. శరణులు పరీక్షించినది అక్క ఏమి చూచినదని కాదు. చూచినదానిని ఎట్లు మోయుచున్నదని. ఆ పరీక్షయందు నిలిచిన తరువాతనే ఆమె అందరికిని అక్క యయ్యెను. పిదప శ్రీశైలపు కదళీవనమునకు ఆమె ఒంటరిగా పోయినది. కాని త్రోసివేయబడినదై పోలేదు, శరణుల గౌరవముతో పోయినది.

అల్లమప్రభువు స్వంతవచనములును ఈ విచారణకు తోడ్పడును. ఆయన బెడగు వచనములను మొదటిసారి విన్నవాడు ఇది పొంతన లేని మాట యనుకొనును. ఒకదానితో ఒకటి పొసగని వస్తువులు అందు కలసి వచ్చును. అయినను గురుముఖమున విచారించినచో ప్రతి మాటకును స్థానము కనబడును. ఏ ముడి ఎక్కడ వేయబడినదో, ఎక్కడ విడునో తెలియును. ఉన్మత్తుని మాటలో ముడి పడును గాని వేసినవానికి దాని జాడ తెలియదు. ఆ మాటను విప్పుటకు పండితుడు చాలడు, దయగల వైద్యుడు కావలెను.

అనుభావమున మునిగినవానిని తిరిగి పనికి పిలుచుట కూడ కల్యాణపు ధర్మమే. ఆయ్దక్కి మారయ్య చెదరిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుటయే కాయకముగా గలవాడు. ఆయన తత్త్వచర్చలో లీనమై యుండగా, కాయకము నిలిచిపోయినదని హెచ్చరించి పంపినది ఆయన భార్య లక్కమ్మ. ఆమె చర్చను తక్కువచేయలేదు. చర్చ ఎంత యెత్తునకు పోయినను పొయ్యిలోని నిప్పును, దాసోహపు పంక్తిని మరువరాదని చెప్పినది. బ్లేకు రాగిరేకు, యుంగు రోగుల గది, మారయ్య బియ్యపుగింజలు ఒకే పని చేసినవి. ఆకాశమునకు ఎగిరినవానికి నేలతో ముడిగా నిలిచినవి.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దమున రచించిన బసవపురాణమున ముగ్ధభక్తుల కథలు కలవు గదా? శివునికి తల్లి లేదని తలచి తానే తల్లియైన బెజ్జమహాదేవి వివేకము ఏ పరీక్షకు నిలుచును? శివుడు విషము త్రాగెనని పురాణమున విని, ఆయన మరణించునేమో యని భయపడి, తానును చచ్చెదనని నీటిలో దిగిన రుద్రపశుపతిని ఏమనవలెను? సోమనాథుడు వీరిని పరిహసింపలేదు, పూజించెను. నిజమే. అయితే కవి చూపినది వారి ప్రేమలోని నిష్కపటత్వమును. అనుకరింపవలసిన చర్యను కాదు. బెజ్జమహాదేవికి గల ఉన్మాదము ఒకరికి పాలిచ్చు ఉన్మాదము. తన్ను తాను గొప్పచేసికొను ఉన్మాదము కాదు. రుద్రపశుపతి దుఃఖము పరుని బాధను తన బాధగా చేసికొన్న దుఃఖము. పురాణమున శివుడు ప్రత్యక్షమై ఆయనను కాపాడెను. నేడు ఊరి చెరువులో మెడలోతు నీట నిలిచిన యువకుని చూచినచో శివుడు వచ్చునని ఒడ్డున కూర్చుండుట భక్తి కాదు. చేయి పట్టి లాగుటయే భక్తి. ఆ లాగిన చేయియే శివుని చేయి.

ఇంతవరకును చేసిన విచారణవలన దొరకిన గీటురాయి ఏదనగా: దర్శనమును దాని విడ్డూరమును బట్టి నిర్ణయింపరాదు, అది మనుష్యుని ఏ దిక్కునకు త్రిప్పినదో దానిని బట్టి నిర్ణయింపవలెను. చూచినవాడు తిరిగి వచ్చునా? వచ్చి తన కాయకమును చేపట్టునా? ప్రశ్నించినప్పుడు సమాధానము చెప్పగలడా, లేక ప్రశ్నించినవానిని శత్రువనునా? అతని కరుణ పెరిగినదా, భయము పెరిగినదా? ఇవి అల్లమప్రభువు అడిగిన విధమైన ప్రశ్నలు. అయితే ఇవి ఒకరిని నెత్తిన పెట్టుకొనుటకును, మరియొకరిని వీధిపాలు చేయుటకును పుట్టినవి కావు. ఈ గీటురాయిపై నిలువని వాడు తక్కువవాడు కాడు, సాయము కావలసినవాడు. వాని ప్రాణలింగము వానియందే యున్నది. వ్యాధి దానిని కప్పవచ్చును గాని తీసివేయజాలదు.

ఈ భేదమును పాటింపని సమాజము ఎంతటి మూల్యము చెల్లించునో 2001 ఆగస్టు 6వ తేదీ చూపినది. తమిళనాడులోని ఎర్వాడిలో, పుణ్యస్థలమహిమచే నయమగునని బంధువులు విడిచిపోయిన మనోరోగులుండు ఒక ఆశ్రయమున అగ్నిప్రమాదము జరిగెను. సంకెళ్లతో కట్టబడి యున్నందున తప్పించుకొనలేక 28 మంది మరణించిరి. వారిని అక్కడకు తెచ్చినవారు క్రూరులు కారు. అనేకులు గుండె పగిలిన తల్లిదండ్రులే. వారు స్థలమును నమ్మిరి. ఆ స్థలమున బిడ్డ మెడకును కాలికిని ఏమి తగిలించినారో చూడలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మనోరోగులను సంకెళ్లతో బంధించుటను నిషేధించినది. గౌరవముతో చికిత్స పొందుట వారి హక్కని చెప్పినది. చట్టము చెప్పిన ఆ మాట ధర్మము ముందే చెప్పవలసినది.

కావున ఇంటిలోని ఒక యువకుడుగాని, యువతిగాని శివుడు తనతో మాటాడుచున్నాడని చెప్పినచో, పెద్దలు చేయవలసినది మూడు విధములు. మొదట వినవలెను, నవ్వరాదు, కొట్టరాదు, ఊరంతకు చాటి కొబ్బరికాయలు కొట్టింపరాదు. పిదప నిద్ర, ఆహారము, పని ఎట్లున్నవో తెరేసావలె కనిపెట్టవలెను. అవి చెదరినచో ఆలస్యము చేయక మనోవైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. చికిత్స ఎంత త్వరగా ఆరంభమైన అంత మేలు జరుగును. విభూతికిని, మందునకును వైరము లేదు. దక్షిణేశ్వరమున శ్రీరామకృష్ణులకు భావావేశములు కలిగినప్పుడు ఆయనను గంగాప్రసాద్ సేన్ అను ఆయుర్వేద వైద్యునకు చూపించిరి, శాస్త్రపండితులచేతను పరీక్షింపజేసిరి. వైద్యుని వద్దకు పోయినందున ఆయన మహిమ తగ్గలేదు. మఠము నాశ్రయించి వచ్చిన తల్లిదండ్రులకు ఈ మాట చెప్పుట గురుస్థానమునకు తగిన పని. ‘బిడ్డను వైద్యునికి చూపుము, పిమ్మట నా వద్దకును తీసికొని రమ్ము’ అను గురువు శిష్యుని పోగొట్టుకొనడు, కాపాడుకొనును.

సత్యమైన దర్శనము ప్రశ్నకు భయపడదు, మందునకు భయపడదు, పనికి భయపడదు. అది నిజమైనచో ఈ మూడింటిని దాటియు నిలుచును. నిలువనిచో పోయినది దర్శనము కాదు. మిగిలినవాడు మాత్రము కరుణకు పాత్రుడైన జంగమమూర్తియే. అక్కను ప్రశ్నించిన సభయే ఆమెను అక్కా యని పిలిచినది. ప్రశ్నయు, ఆ పిలుపును కలసి యున్న చోట ద్రష్టకును, రోగికిని తావు కలదు.